అర్జున్ వీపు మీద వాతలు

పోయిన నెల ఈ శీర్షికలో 'ఉడాన్' అనే హిందీ సినిమా గురించి నాలుగు మాటలు రాసి, చూసినవాళ్లు మీకేమనిపించిందో రాయమని అడిగాను. ఉత్తరాలు వచ్చాయి. కొందరు కోపంగా రాశారు, కొందరు ఏడ్చామని రాశారు. ఒక అబ్బాయి ఉత్తరం చదివాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. దానికి కింద జవాబు రాశాను.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. పదిహేడేళ్ల రోహన్ సిమ్లాలో హాస్టల్లో ఉండి చదువుతుంటాడు. ఒక రాత్రి ముగ్గురు స్నేహితులతో గోడ దూకి, చూడకూడని సినిమాకు వెళ్లి దొరికిపోతాడు. స్కూలు నుంచి పంపించేస్తారు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా చూడ్డానికి రాని తండ్రి భైరవ్ సింగ్ దగ్గరికి జంషెడ్‌పూర్ వెళతాడు. తనకు అర్జున్ అనే ఆరేళ్ల తమ్ముడు ఉన్నాడని అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. ఆ ఇంట్లో తండ్రిని 'సర్' అని పిలవాలి. పొద్దున్నే ఆయనతో పాటు పరుగెత్తాలి. ఆయన ఫ్యాక్టరీలో పని చేయాలి, ఇంజినీరింగ్ చదవాలి. రోహన్‌కేమో కవితలు రాయాలని ఉంటుంది. విక్రమాదిత్య మోత్వానే తీసిన ఈ సినిమా 2010 జులైలో విడుదలైంది.

టీచర్ గారూ, మీరు రాశారని మా అబ్బాయితో కలిసి 'ఉడాన్' చూశాను. వాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. సినిమా అయ్యాక ఏమీ మాట్లాడకుండా గదిలోకి వెళ్లిపోయాడు. రెండు రోజులు ముభావంగానే ఉన్నాడు. మావారిది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. వాడిని కొట్టరు, తిట్టరు. కానీ మార్కుల గురించి తప్ప వాడితో ఇంకేం మాట్లాడరు. సినిమా చూపించి తప్పు చేశానా?
– గాజువాక నుంచి ఒక తల్లి

తప్పేమీ లేదమ్మా. పిల్లాడు రెండు రోజులు మాట్లాడలేదంటే సినిమా వాడి లోపలికి వెళ్లిందని అర్థం. నేను ఇరవై ఎనిమిదేళ్లు హిందీ చెప్పాను. కథ చెప్పగానే చేతులెత్తి జవాబులు చెప్పే పిల్లలుంటారు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే పిల్లలూ ఉంటారు. వారం తర్వాత కూడా ఆ కథ గుర్తున్నది ఎక్కువగా ఆ రెండోవాళ్లకే.

సినిమాలో రోహన్ తన కవితలు ఎవరికి వినిపిస్తాడో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. హాస్టల్లో స్నేహితులకు వినిపిస్తాడు. ఆసుపత్రిలో తమ్ముడి మంచం పక్కన కూర్చుని కథ చెబుతుంటే, చుట్టుపక్కల రోగులు కూడా చేరి వింటారు. ఆ వినేవాళ్లలో ఒక్కరు కూడా "దీనివల్ల నీకేం వస్తుంది?" అని అడగరు. అందుకే వాళ్ల దగ్గర వాడి నోరు తెరుచుకుంటుంది.

కాబట్టి "సినిమా ఎలా ఉందిరా?" అని అడగకండి. అది పరీక్షలో ప్రశ్నలా ఉంటుంది. అన్నం పెడుతున్నప్పుడు "ఆ చిన్నాడు అర్జున్ భలే ముద్దుగా ఉన్నాడు కదా" అని ఊరుకోండి. మావారికి కూడా చూపించనా అని మీరు అడగలేదు గానీ, చూపించండి. ఆయనకు సెలవున్న రోజు ముగ్గురూ కలిసి కూర్చోండి. ఆయనను భైరవ్ సింగ్‌తో పోల్చి మాత్రం ఒక్క మాట కూడా అనొద్దు. చేయెత్తని తండ్రికి ఆ పోలిక చాలా బాధగా ఉంటుంది. ఆయనంతట ఆయనే ఏదైనా అంటే విందురు గాని.

మేడమ్, ఈ సినిమా నాకు నచ్చలేదు. తండ్రులంటే రాక్షసులన్నట్టు చూపించారు. మా నాన్నగారు నన్ను కొట్టి చదివించారు కాబట్టే నేనీ రోజు ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నాను. ఇలాంటివి చూస్తే పిల్లలు తల్లిదండ్రులను లెక్కచేస్తారా?
– పలాస నుంచి ఒక పాఠకుడు

మీ కోపం నాకర్థమైందండీ. నేను వాదించేది తండ్రుల మీద కాదు, ఒక్క విషయం మీద.

భైరవ్ సింగ్‌కు జిమ్మీ అనే తమ్ముడు ఉన్నాడు. రామ్ కపూర్ వేసిన పాత్ర. అన్న పెరిగిన ఇంట్లోనే అతనూ పెరిగాడు. అయినా మెత్తని మనిషి, నవ్వుతూ ఉంటాడు, పిల్లల్ని దగ్గరికి తీసుకుంటాడు. తండ్రులంతా రాక్షసులని చెప్పడమే దర్శకుడి ఉద్దేశమైతే ఆ ఇంట్లో జిమ్మీని పెట్టేవాడు కాదు. ఒకే కప్పు కింద పెరిగిన ఇద్దరిలో ఒకడు తనకు అందిన కోపాన్ని కిందివాడి మీదికి దించాడు, రెండోవాడు దించలేదు. దించకుండా ఉండటం కుదురుతుందని చెప్పడానికే జిమ్మీ ఉన్నాడు.

ఇంకోటి, గడియారం. రోహన్‌కు పద్దెనిమిదేళ్లు నిండిన రోజున తండ్రి అతనికి చేతి గడియారం ఇస్తాడు. అది ఆ ఇంట్లో తండ్రి నుంచి కొడుకుకు వస్తున్న వస్తువు. ఆ రోజు భైరవ్ సింగ్ ముఖం చూశారా? రోనిత్ రాయ్ ఎంత బాగా చేశాడో! కొడుకు మీద ఆయనకున్నది ప్రేమే. దాన్ని చూపించడానికి ఆయనకు తెలిసిన వస్తువు ఆ గడియారం ఒక్కటే. రాక్షసుడిగా చూపించాలంటే ఆ సన్నివేశమే అక్కర్లేదు. చివరికి రోహన్ ఆ గడియారాన్ని ఇంట్లోనే వదిలి వెళతాడు. దాన్ని చాలామంది తండ్రిని కాదనడంగా తీసుకున్నారు. నాకలా అనిపించలేదు. ఆ గడియారంతో పాటు వచ్చే కోపం తన చేతికి, తన తర్వాత అర్జున్ చేతికి రాకూడదని వదిలేశాడు.

మీ నాన్నగారు కొట్టారు, మీరు పైకొచ్చారు. ఆయన మిమ్మల్ని చదివించారన్నది నిజం, అందుకు ఆయనకు దండం పెట్టాల్సిందే. అయితే అందులో దెబ్బల వల్ల వచ్చిందెంత, మీ కష్టం వల్ల వచ్చిందెంత? ఆ లెక్క మీకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు జవాబు రాయక్కర్లేదు. మీకూ పిల్లలున్నారని ఉత్తరంలో రాశారు కదా. వాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు ఒకసారి ఆలోచించండి.

సినిమా చాలా స్లోగా ఉంది మేడమ్. హీరోయిన్ లేదు, డ్యాన్సులు లేవు. దీనికి అన్ని అవార్డులు ఎందుకు?
– హనుమకొండ నుంచి డిగ్రీ విద్యార్థి

2010లో కాన్ సినిమా ఉత్సవంలో 'అన్ సర్టెన్ రిగార్డ్' విభాగంలో చూపించారు. తర్వాత ఫిల్మ్‌ఫేర్ ఏడు అవార్డులు ఇచ్చింది. అవార్డులొచ్చాయని నచ్చాలన్న రూలేమీ లేదు బాబూ. నచ్చకపోతే నచ్చలేదని చెప్పడం మంచిదే. కానీ పాటలు లేవనకు. అమిత్ త్రివేది సంగీతంలో మంచి పాటలున్నాయి, కాకపోతే వాటికి ఎవరూ స్టెప్పులేయరు. ఇంకోసారి చూసే ఓపిక ఉంటే పొద్దున్న పరుగుల సన్నివేశాలు మాత్రం వరసగా చూడు. మొదట్లో తండ్రి ముందు, కొడుకు వెనక. చివరికొచ్చేసరికి కొడుకు ముందు. అంత పెద్ద మార్పును ఒక్క డైలాగ్ లేకుండా చెప్పాలంటే ఆ మాత్రం నిదానం కావాలి.

టీచర్ గారూ, నేను బైపీసీ సెకండియర్, హాస్టల్లో ఉంటాను. నాకు బొమ్మలు వేయడం ఇష్టం. డాక్టర్ కాకపోతే ఇంటికి రావద్దు అన్నారు నాన్న. 'ఉడాన్' ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. రోహన్‌లాగా వెళ్లిపోవాలనిపిస్తోంది. టెన్షన్‌తో నిద్ర రావట్లేదు.
– విజయవాడ నుంచి ఒక అబ్బాయి

నాన్నా, నాకు నిద్రపట్టనివ్వనిది నీ ఉత్తరమే. ముందుగా ఒక పని చెయ్యి. ఈ పేజీ చదివిన రోజే, నిద్ర రావట్లేదన్న మాట పెద్దవాళ్లలో ఒక్కరికి చెప్పు. లెక్చరర్‌కో, పిన్నికో, మామయ్యకో, నీకు నమ్మకమున్న ఎవరికైనా సరే. అంత నమ్మకమైన మనిషి ఎవరూ గుర్తుకు రాకపోతే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల కోసం 1098 హెల్ప్‌లైన్ కూడా ఉంది. మనసు మరీ బరువెక్కేదాకా ఆగకు. ఈ రోజే చెయ్యి.

ఇప్పుడు సినిమా సంగతి. నాలుగుసార్లు చూశావు కదా, రోహన్ వెళ్లిపోయే ముందు ఏమేం జరిగాయో చెప్పనా? అతనికి పద్దెనిమిది నిండాయి. బొంబాయిలో హాస్టల్ స్నేహితులు ఉన్నారు, వెళ్లి చేరడానికి ఒక చోటుంది. నీకు నచ్చింది అతను వెళ్లిపోవడం. నాకు నచ్చింది అతను వెనక్కి రావడం. తండ్రిని దాటి పరుగెత్తి తప్పించుకున్నాడు. అలాగే వెళ్లిపోయి ఉంటే సినిమా అక్కడే అయిపోయేది. అర్జున్ కోసం వెనక్కి వచ్చాడు. మొదట్లో ఆ పిల్లాడితో మాట్లాడటానికే ఇష్టపడనివాడు, ఆఖర్న వాడి చెయ్యి పట్టుకుని నడుస్తాడు. అతను పెద్దవాడైంది అప్పుడేనని నేను నమ్ముతాను. ఇల్లు వదిలినందుకు కాదు.

నీ బొమ్మలు ఎక్కడికీ పోవు. మీ నాన్నగారన్న మాట తప్పు, చాలా పెద్ద తప్పు. కానీ పరీక్షల ముందు భయంతో అనే మాటలు చాలా ఇళ్లలో ఉంటాయి. అవి నోటి నుంచి వచ్చినంత గట్టిగా మనసులో ఉండవు. పరీక్షలయ్యాక ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ పక్కనుండగా బొమ్మల పుస్తకం ఆయన ముందు పెట్టు. బొమ్మలే చదువుగా చెప్పే కాలేజీలు ఉన్నాయి, బీఎఫ్ఏ అంటారు. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో కూడా ఉంది. బైపీసీ చదివినవాళ్లు కూడా దరఖాస్తు చేయొచ్చు. ఈ వివరాలు ఒక కాగితం మీద రాసి ఆయనకు చూపించు. చేతిలో కాగితం ఉంటే మాట్లాడటం కొంచెం తేలికవుతుంది.

నీ అడ్రసు ఉత్తరం మీద ఉంది. నీకు విడిగా ఉత్తరం పంపించాను. జవాబు రాయి. ఎదురుచూస్తుంటాను.

అమ్మా, మీరు జంషెడ్‌పూర్‌లో పెరిగారని ఒకసారి రాశారు. సినిమాలో చూపించింది నిజంగా అలాగే ఉంటుందా? అక్కడ మనవాళ్లు ఉన్నారా?
– రాజాం నుంచి ఒక పాఠకురాలు

మనవాళ్లు లేకపోవడమేంటి తల్లీ! మీ శ్రీకాకుళం వైపు నుంచి ఎన్ని కుటుంబాలు టాటా కంపెనీకి వెళ్లాయో. మా నాన్నా అలా వెళ్లినవారే. అప్పట్లో టిస్కో అనేవాళ్లం. కద్మాలో క్వార్టర్. బిష్టుపూర్‌లో మన ఆంధ్రా వాళ్ల రామమందిరం ఉంది. శ్రీరామనవమికి పానకం, వడపప్పు అక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పక్కింట్లో బెంగాలీ. ఏ, బీ, సీ మూడు షిఫ్టులు. ఆరింటికి, రెండింటికి, రాత్రి పదింటికి మారేవి. కంపెనీ భోంపూ కూత వినే అమ్మ అన్నం వార్చేది. సినిమాలో పొద్దున్నే ఖాళీగా కనిపించే ఆ వెడల్పాటి రోడ్లు, చెట్లు, ఆ వెలుతురు అన్నీ నిజమే. అక్కడే తీశారు. నేను 2010లో విశాఖలో మా అమ్మాయితో కలిసి చూశాను. మొదటి పావుగంట ఊరు చూసుకోవడంతోనే సరిపోయింది.

తర్వాత ఆసుపత్రి సన్నివేశం వచ్చింది. అర్జున్ మెట్ల మీంచి పడ్డాడని తండ్రి చెప్పి ఊరెళతాడు. ఆ పిల్లాడి వీపు మీద బెల్టు వాతలు రోహన్ కంట పడతాయి. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నేను లేచి బయటికొచ్చేశాను.

మా క్వార్టర్‌కు, పక్క క్వార్టర్‌కు మధ్య ఒకే గోడ. ఆ ఇంట్లో నాకంటే రెండు క్లాసులు చిన్నవాడు ఒకడు ఉండేవాడు. వాళ్ల నాన్నకు బీ షిఫ్టు ఉన్న వారం రాత్రి పదిన్నర దాటాక ఆ గోడ అవతలి నుంచి చప్పుళ్లు వినిపించేవి. అమ్మ లేచి రేడియో సౌండ్ పెంచేది. వివిధ భారతిలో పాటలొచ్చేవి. మా అమ్మ చెడ్డది కాదు. వాళ్లింటికి కూర పంపించేది, ఆ పిల్లాడికి జ్వరమొస్తే మా ఇంట్లోనే పడుకోబెట్టేది. కానీ ఒక మగమనిషి తన కొడుకును కొట్టుకుంటుంటే పక్కింటివాళ్లు తలుపు కొట్టొచ్చని ఆ వీధిలో ఎవరికీ తోచలేదు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. నాకూ తోచలేదు.

మే నెలలో జంషెడ్‌పూర్ ఎండ ఎలా ఉంటుందో, అక్కడ బతికినవాళ్లకు తెలుస్తుంది. ఆ ఎండలో కూడా వాడు మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చేవాడు. మేమందరం చేతుల్లేని బనియన్లతో, గౌన్లతో ఆడుకునేవాళ్లం. 1978లో వాళ్ల కుటుంబం ఊరు వదిలి వెళ్లిపోయింది. వెళ్లే రోజు మా ఇంటికి వచ్చి, తన గోళీలన్నీ నాకిచ్చేశాడు.

వాడి పేరు ఇక్కడ రాయను. ఎప్పుడైనా ఈ పేజీ వాడి కంట పడితే ఎవరు రాశారో పోల్చుకుంటాడు. ఒరేయ్, ఆ చొక్కా నేను చూశానురా. చూసి కూడా అడగలేదు.