కిటికీ గాజు మీద బొమ్మ వేసి బట్టీలో కాల్చాలంటే ఏ ఎనామెల్ రంగు కొనాలి?

గాజు కోసమే చేసిన, మీ గాజు మెత్తబడే వేడికన్నా తక్కువలోనే కరిగే ఎనామెల్ పొడి కొనాలి. ఆ పొడి కూడా మెత్తగా నూరిన గాజే, లోహాల ఆక్సైడ్లు దానికి రంగునిస్తాయి. కింది గాజు వంగకముందే అది కరిగి అతుక్కోవాలి. చల్లారేటప్పుడు రెండూ దాదాపు ఒకేలా కుంచించుకోవాలి, లేదంటే పగుళ్లే. పూత పల్చగా ఉంటే చిన్న తేడా సర్దుకుంటుంది, మందంగా వేస్తే మాత్రం కష్టం.

కర్నూలులో అద్దాల షాపువాళ్లు కోసిచ్చే మామూలు కిటికీ గాజుకు 580 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలే రంగు నప్పుతుంది. పింగాణీ కప్పుల రంగులు సాధారణంగా 750-800 అడుగుతాయి. అంత వేడికి గాజు వాలిపోతుంది.

చాలామంది పొరబడేది పేరు దగ్గరే. తలుపులకు, గేట్లకు వేసే డబ్బా ఎనామెల్‌లో ఉండేది గాజు కాదు, రెజిన్. బట్టీలో పెడితే పొగైపోతుంది.