ఇంగ్లిష్ నవలపై పరిశోధనకు చైనీస్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఇంగ్లిష్ ఆఖరి సంవత్సరంలో ఉంది. చైనా మూలాలున్న రచయితల ఇంగ్లిష్ నవలలపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఎంఏ ఇంగ్లిష్ మేలా, చైనీస్ మేలా? ఉద్యోగాలు ఉంటాయా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఎంఏ ఇంగ్లిష్‌లోనే చేర్పించండి. చైనీస్‌లో ఎంఏకు సాధారణంగా డిగ్రీలో ఆ భాష చదివి ఉండాలి. అయితే ఎంఏ మొదటి సెమిస్టర్ నుంచే చైనీస్ కూడా మొదలుపెట్టడం అవసరం. నవలలు ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడు ఆ భాష దేనికని మీకు అనిపించవచ్చు. కాలిఫోర్నియాలో పుట్టిన మాక్సీన్ హాంగ్ కింగ్‌స్టన్ 1976లో వెలువరించిన ‘ది వుమన్ వారియర్’లో, చైనా గాథల్లో మగవేషంతో యుద్ధానికి బయలుదేరే యువతి ములాన్ వీపుపై తల్లిదండ్రులు తమ పగలను కత్తితో అక్షరాలుగా చెక్కుతారు. ములాన్‌పై ఉన్న ప్రాచీన గేయంలో ఈ ఘట్టం లేదు. వీపుపై తల్లి అక్షరాలు పచ్చబొట్టుగా పొడిచిన కథ 12వ శతాబ్దపు సేనాని యువే ఫేకి చెందినది. మగవీరుడి కథను రచయిత్రి ఆడపిల్లకు ఎందుకు అప్పగించిందన్నదే అసలైన పరిశోధన ప్రశ్న. మూలకథలు తెలియని విద్యార్థికి ఆ ప్రశ్న తట్టనే తట్టదు. ఈ మార్పును ఫ్రాంక్ చిన్ అనే చైనీస్ అమెరికన్ రచయిత వక్రీకరణగా తీవ్రంగా విమర్శించారు కూడా. నా దృష్టిలో ఆ విమర్శ సబబు కాదు గానీ, వాదనలో ఎటు నిలవాలన్నది మీ అమ్మాయి స్వయంగా చదివి తేల్చుకోవాలి.

ఈ రచయితలందరూ ఒకే కోవకు చెందరని కూడా ఆమె గమనించాలి. అమెరికాలో పుట్టిన కింగ్‌స్టన్ ఇంట్లో విన్నది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు మాట, చైనీస్ తరగతిలో నేర్పేది చైనా అధికార భాష మాండరిన్. 1985లో అమెరికా వెళ్లిన హా జిన్, ఇమ్యునాలజీ చదవడానికి 1996లో అయోవా చేరిన యీయున్ లీ చైనాలోనే పెరిగి, పెద్దయ్యాక ఇంగ్లిష్‌లో రాయడం మొదలుపెట్టినవారు. (సైన్స్ సీటు వదిలి కథల వైపు వెళ్లడం మన ఇళ్లలోనే జరిగే వింత కాదన్నమాట.) ఈ రెండు కోవల్లో ఒకదాన్నే ఎంచుకుంటే పరిశోధన చేతికి అందేంత పరిమితిలో ఉంటుంది.

హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో చైనీస్ బోధన ఉంది. ఏ ఏడాది ఏ కోర్సు నడుస్తుందో నోటిఫికేషన్‌లో చూసుకోండి. పీహెచ్‌డీకి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని తులనాత్మక సాహిత్య కేంద్రం ఈ అంశానికి బాగా సరిపోతుంది.

ఇక ఉద్యోగాల సంగతి. ఈ అంశం పేరిట ఎక్కడా ప్రకటన రాదు. కాలేజీలు తీసుకునేది ఇంగ్లిష్ అధ్యాపకులనే. అందువల్ల ఇంగ్లిష్‌లో నెట్ (అధ్యాపక ఉద్యోగాలకు జాతీయ అర్హత పరీక్ష) తప్పనిసరి లక్ష్యంగా పెట్టుకోవాలి. 2024 జూన్ నుంచి ఆ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశాలకూ పనికొస్తోంది. చైనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష హెచ్‌ఎస్‌కేలో మధ్యస్థాయి దాటితే అనువాద పనులకు ప్రయత్నించవచ్చు, కానీ రెండేళ్ల పార్ట్‌టైమ్ చదువుతోనే ఆ స్థాయి వస్తుందని మాత్రం ఆశించకండి. దరఖాస్తుకు ముందు, ములాన్ గేయం ఇంగ్లిష్ అనువాదాన్ని కింగ్‌స్టన్ అధ్యాయం పక్కన పెట్టి, తేడాలపై ఐదారు పేజీల వ్యాసం రాయమనండి; ఇంటర్వ్యూలో పరిశోధన ప్రతిపాదనపై ప్రశ్నలు వచ్చినప్పుడు అదే ఆమెకు ఆధారమవుతుంది.