పాత హీలియోస్ లెన్సులో బిగుసుకున్న ఫోకస్ రింగు

నమస్కారమండీ. తిరుపతిలో మీరు సెకండ్ హ్యాండులో కొన్న హీలియోస్ 44-2 అనే పాత సోవియట్ కెమెరా లెన్సు ఫోకస్ రింగు (బొమ్మ స్పష్టంగా రావడానికి తిప్పే చక్రం) తేలికగా తిరగడం లేదని, తెల్లవారుజామున మరీ మొండికేస్తోందని, తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టవచ్చా అని అడిగారు. దయచేసి కొట్టకండి. ఆ పలుచటి నూనె రింగు లోపలి మర చుట్ల సందుల్లోంచి పాకి, వెలుతురును తగ్గించి పెంచే అపెర్చర్ రేకుల మీదికి చేరితే, ఒక జబ్బుకు రెండోది తోడవుతుంది.

చల్లని వేళ బిగుతుగా, ఎండ ముదిరాక కాస్త వదులుగా ఉంటోందంటే, ఏళ్ల నాటి గ్రీజు ఎండి జిగురుగా మారిందని అనుకోవచ్చు. అలా కాక ఒక్క చోటే పట్టేస్తుంటే, లెన్సు ఎప్పుడో కింద పడి సొట్టపోయిందేమో చూడాలి. దానికి గ్రీజు ఏమీ చేయలేదు. మెత్తబడుతుందని అలిపిరి ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఉంచకండి, వేడికి గ్రీజులోని నూనె విడిపోయి అది కూడా రేకుల దాకా పోతుంది.

పాత గ్రీజును లైటర్ పెట్రోలుతో పూర్తిగా తుడిచి, హెలికాయిడ్ (రింగు తిప్పితే లెన్సును ముందుకూ వెనక్కూ జరిపే మర) కోసం అమ్మే గ్రీజును పలచగా పూయడమే సరైన మార్గం. ఆ మర రెండు భాగాలుగా విడివడే క్షణాన రెండింటి మీదా ఎదురెదురుగా గీత గీసి ఫోటో తీసుకోండి. ఆ మర ఎక్కే చోట్లు అనేకం కనుక, వేరే చోట ఎక్కిస్తే రింగు హాయిగానే తిరుగుతుంది గాని, బాగా దూరపు వాటి కోసం రింగు మీద ఉండే అనంతం (∞) గుర్తు దగ్గర శేషాచలం కొండలు మసకగానే కనిపిస్తాయి. స్క్రూ గాడికి సరిపోయే స్క్రూడ్రైవరు దొరకకపోతే, విప్పే పని కెమెరా మెకానిక్‌కే వదిలేయండి.