ఇంటర్‌లో కూచిపూడి మాన్పించాలా? మా వాడి సంగతి చెబుతాను

పదో తరగతి చదివే మీ అబ్బాయి కూచిపూడి వదలనంటున్నాడని, ఇంటర్‌లో మాన్పించాలా అని అడిగారు. "పైగా మగపిల్లవాడు" అనీ రాశారు. ముందు ఆ 'పైగా' సంగతి తేల్చేద్దాం. పూర్వం కూచిపూడి భాగవతులంతా మగవాళ్ళే, ఆడవేషాలూ వాళ్ళే కట్టేవారు. సత్యభామ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ వచ్చింది. మా బావగారు ఎత్తిపొడిచినప్పుడు నేను ఇదే చెప్పాను. ఆయన మారలేదు కానీ పక్క గదిలోంచి మా వాడు విన్నాడు.

విశాఖలో మాది గాజువాక, మా వాడి క్లాసు ఊరికి ఆ చివర ఎంవీపీ కాలనీలో. బస్సులో ఆ తిరుగుడు చూడలేక వాడు పదిలో ఉండగా మాన్పించేద్దామనుకున్నాను. ఆ వారంలోనే నైట్ షిఫ్టు దిగి తెల్లవారుజామున ఇంటికొస్తే డాబా మీద టంగుటంగుమని చప్పుడు. మా ఆవిడ పెళ్లినాటి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం సాధన చేస్తున్నాడు. కాలివేళ్ళతో అంచు బిగించి పట్టి పళ్ళాన్ని జానెడు జరపడం, జారడం, మళ్ళీ ఎక్కడం. మన ఊరి ఉక్కకు అరికాళ్ళు నిలవవు కదా, మాటిమాటికీ దిగి తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. మెట్ల మీదే నిలబడిపోయాను. లెక్కల పుస్తకం ముందు వాడికి అంత ఓర్పు నేనెన్నడూ చూడలేదు. (పళ్ళెం అంచు ఒకచోట సొట్టపోయింది. ఆ సంగతి మా ఆవిడకు చెప్పలేదు.)

హాస్టల్ కాలేజీ వద్దనుకుని, ఇంటి నుంచి వెళ్లివచ్చేలా ఎంపీసీలో చేర్చాను. మొదటి ఏడాది మార్కులు తగ్గాయి, దాచడమెందుకు.

నేను చేసిన తప్పు వేరే ఉంది. కోపం వచ్చినప్పుడల్లా "మాన్పించేస్తాను" అనేవాణ్ణి. సిమెంటు గచ్చు మీద గంటల తరబడి అరమండిలో (మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టుండే భంగిమ) ఉండి మోకాలు నొప్పి పట్టుకుంటే, ఆ మాటకు భయపడి వాడు నెల రోజులు చెప్పలేదు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం చూసి నేనే నిలదీశాను. డాక్టరు మూడు వారాలు అడుగు వేయొద్దన్నారు. ఆ మూడు వారాలూ కుర్చీలో కూర్చుని చేతులతో, కళ్ళతో అభినయం సాధన చేశాడు. డాబా మీదకు రబ్బరు చాప కొన్నాను. అందుకే, మాన్పించినా మాన్పించకపోయినా ఆ బెదిరింపు మాత్రం ఇంట్లో వినిపించనీయకండి.

జీవనోపాధి అవుతుందా అంటే నేను భరోసా ఇవ్వలేను, వాడికీ ఇవ్వలేదు. దారులైతే ఉన్నాయి. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో ఇప్పుడు నాట్యమూ నేర్పుతారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నాట్యంలో పీజీ ఉంది. డిగ్రీ నాటికి చూద్దామన్నాను.

పోయిన నెల కళాభారతి ఆడిటోరియంలో వాడి తరంగం. అందరూ వాడి ముఖం చూస్తుంటే నేను పళ్ళెం అంచునే చూస్తూ కూర్చున్నాను. పక్కనుంచి మా ఆవిడ నెమ్మదిగా, "అది మన పళ్ళెమే కదండీ?" అంది.