ఎక్స్‌ప్రెస్ కోసం పుట్టి బొగ్గు లాగిన కెస్ట్రెల్

ప్రశ్న (కాజీపేట నుంచి ఒక రీడర్): బ్రిటన్‌లో కెస్ట్రెల్ అని 4000 హార్స్‌పవర్ డీజిల్ లోకో ఒక్కటంటే ఒక్కటే చేసి ఆపేశారని చదివాను. అది ఏయే బండ్లు లాగిందండీ? ఫెయిలయిందనే అనుకోవాలా?

జవాబు: ఫెయిల్ అనే మాట నేను ఒప్పుకోనండీ, ఎందుకో చెప్తాను. లఫ్‌బరోలోని బ్రష్ కంపెనీ, అంటే హాకర్ సిడ్లీ గ్రూపులోది, 1967లో సొంత డబ్బు పెట్టి చేసిన ఇంజన్ ఇది. రైల్వే ఆర్డర్ ఇవ్వలేదు, మా దగ్గర ఇంత ఉంది చూడండి అని చూపించి ఆర్డర్లు తెచ్చుకుందామని చేశారు. హెచ్‌ఎస్ 4000 అనే నంబర్ కూడా కంపెనీ పేరులోంచి, హార్స్‌పవర్‌లోంచి వచ్చిందే. పసుపు, చాక్లెట్ రంగు వేసి 1968 జనవరిలో లండన్ మేరిలెబోన్ స్టేషన్‌లో బ్రిటిష్ రైల్వేకి అప్పగించారు. డిజైన్ స్పీడ్ గంటకు 125 మైళ్లు, అంటే మన లెక్కలో 200 కిలోమీటర్లు, కాబట్టి వాళ్ల మనసంతా ఎక్స్‌ప్రెస్ బండ్ల మీదే ఉందని ఎవరికైనా అర్థమవుతుంది.

కానీ రైల్వే వాళ్లు దాన్ని మొదట పెట్టింది బొగ్గు మీద! షైర్‌బ్రూక్ దగ్గర గనుల ప్రాంతం నుంచి కేంబ్రిడ్జ్‌షైర్‌లోని వైట్‌మూర్ యార్డుకి లోడ్ లాగే డ్యూటీ. 1968లోనే మాన్స్‌ఫీల్డ్ నుంచి లింకన్ దాకా 2 వేల టన్నులు దాటిన బండిని ఒంటరిగా లాగి చూపించింది, అప్పటి బ్రిటన్‌లో డీజిల్ ఇంజన్‌కి అది మామూలు లోడ్ కాదు. క్రూ, కార్లైల్ మధ్య షాప్ ఘాట్ మీద, అంటే 75 అడుగులకి 1 అడుగు లేచే ఎత్తు మీద కూడా టెస్ట్ చేశారు. లాగే విషయంలో దానికి ఎవరూ వంక పెట్టలేదు, వంకంతా బరువు దగ్గరే వచ్చింది. మొత్తం 133 టన్నులు, ఆరు ఇరుసులు, అంటే ఒక్కో ఇరుసు మీద 22 టన్నుల పైనే. లండన్ కింగ్స్ క్రాస్ ఎక్స్‌ప్రెస్‌లు లాగుతూ అప్పటికే పరిగెడుతున్న డెల్టిక్ డీజిల్ ఇంజన్‌కి 3300 హార్స్‌పవర్ ఉన్నా బరువు 99 టన్నులే. ఈ బరువుతో 100 మైళ్ల స్పీడ్‌లో తిప్పితే పట్టాలు పాడవుతాయని రైల్వే ఇంజనీర్లు గట్టిగా పట్టుబట్టారు.

దాంతో 1969లో బ్రష్ వాళ్లు కింద చక్రాల ఫ్రేములు మార్చి, బ్రిటిష్ రైల్వే మామూలుగా వాడే క్లాస్ 47 డీజిల్ ఇంజన్ల రకం ఫ్రేముల మీద కూర్చోబెట్టి బరువు 126 టన్నులకి దించారు. అప్పుడు గానీ దానికి అసలు పని దొరకలేదు, ఆ ఏడాది అక్టోబర్‌లో కింగ్స్ క్రాస్ నుంచి న్యూకాసిల్‌కి పొద్దున వెళ్లే ఎక్స్‌ప్రెస్, సాయంత్రం తిరుగు బండి ఇచ్చారు. కానీ అది కొన్నాళ్ల ముచ్చటే అయింది, తర్వాత మళ్లీ సరుకే, ఈసారి హల్ నుంచి లండన్ స్ట్రాట్‌ఫర్డ్‌కి కంటైనర్ల ఫ్రైట్‌లైనర్ బండి.

ఒక్కటే ఇంజన్ ఉంటే ఇంకో కష్టం ఉంటుంది, అది షెడ్‌లో పనిచేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. దాని స్పేర్‌లు వేరు, నేర్చుకున్న డ్రైవర్లు కొద్దిమంది, ఫిట్టర్లు అంతకన్నా తక్కువ. ఆ రోజు అది ఆగిపోతే దాని టైమింగ్ అందుకునే రెండో ఇంజన్ ఉండదు. అందుకే టైమ్‌టేబుల్ రాసేవాళ్లు దాని మీద నమ్మకం పెట్టుకోలేరు, 512 క్లాస్ 47లు ఉంటే వాటి మీద పెట్టుకుంటారు. నా దృష్టిలో కెస్ట్రెల్‌కి దెబ్బ కొట్టినవి బరువు, ఒంటరితనం ఈ రెండే.

ప్రశ్న (గుత్తి నుంచి): 22 టన్నులు అంత పెద్ద విషయమా? మన డబ్ల్యూడీజీ4 గూడ్స్ డీజిల్ ఇంజన్ కూడా 4000 హార్స్‌పవరే, 126 టన్నులే, రోజూ తిరుగుతూనే ఉంది కదా!

జవాబు: మంచి పాయింట్ పట్టుకున్నారు, మార్చిన తర్వాత కెస్ట్రెల్ బరువు దాదాపు అంతే. తేడా స్పీడ్‌లో ఉంది. పట్టా జాయింట్ దగ్గర చక్రం కొట్టే దెబ్బ స్పీడ్‌తో పాటు పెరుగుతుంది, మోటార్లు ఇరుసుకే వేలాడుతుంటే ఆ బరువులో కొంత స్ప్రింగ్ లేకుండా నేరుగా పట్టా మీదే పడుతుంది. గూడ్స్ స్పీడ్‌లో తట్టుకునే పట్టా గంటకు 160 కిలోమీటర్ల దగ్గర తట్టుకోదు. అందుకే నాకు రైల్వే నిర్ణయం తప్పనిపించదు. తర్వాత వాళ్లు 1976లో 125 మైళ్ల స్పీడ్ బండి తెచ్చినప్పుడు ఏం చేశారో చూడండి, ఆ హెచ్‌ఎస్‌టీకి, అంటే హై స్పీడ్ ట్రైన్‌కి, ముందొకటి వెనకొకటి 2250 హార్స్‌పవర్ పవర్ కార్లు పెట్టారు, ఒక్కోటి 70 టన్నులు, నాలుగు ఇరుసులు, అంటే ఇరుసుకి 17.5 టన్నులే. రెండూ కలిపితే 4500 హార్స్‌పవర్, కెస్ట్రెల్ కన్నా ఎక్కువే, పట్టా మీద భారం మాత్రం తక్కువ.

ప్రశ్న (విజయవాడ, ఇంజనీరింగ్ స్టూడెంట్): ఆ రోజుల్లో ఒక్క ఇంజన్‌లోంచి 4000 హార్స్‌పవర్ ఎలా తీశారు సార్?

జవాబు: 16 సిలిండర్ల సుల్జర్ ఇంజన్ అది. దాన్నుంచి కరెంట్ తీయడంలోనే అసలు తెలివి ఉంది. పాత డీజిళ్లలో డీసీ జనరేటర్ ఉండేది, అంత పవర్‌కి దానిలో తిరిగే కమ్యుటేటర్, దాన్ని రాసుకుంటూ కరెంట్ తీసుకునే కార్బన్ బ్రష్‌లు తట్టుకోలేవు. అందుకని ఆల్టర్నేటర్ పెట్టి ఏసీ తయారుచేసి, సిలికాన్ రెక్టిఫయర్లతో డీసీగా మార్చి మోటార్లకి ఇచ్చారు. హెచ్‌ఎస్‌టీ పవర్ కార్లలోనూ ఆల్టర్నేటర్ బ్రష్ కంపెనీ వాళ్లదే, చాలావాటిలో మోటార్లూ వాళ్లవే. కెస్ట్రెల్ మీద పడ్డ కష్టం వృథా కాలేదని నేననేది అందుకే.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): ఇప్పుడు వెళ్తే చూడొచ్చా?

జవాబు: చూడలేరండీ. 1971లో సోవియట్ యూనియన్‌కి అమ్మేశారు, కార్డిఫ్ రేవు నుంచి ఓడలో లెనిన్‌గ్రాడ్ వెళ్లింది. అక్కడి గేజ్ వెడల్పు కాబట్టి చక్రాలు మార్చుకుని టెస్టులకి పనికొచ్చింది, ఆఖరికి తుక్కు కింద వెళ్లిపోయింది. ఇలాగే ఒక్కొక్కటే చేసిన ఇంజన్లు బ్రష్ వాళ్లదే ఫాల్కన్, ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ కంపెనీ వాళ్ల డీపీ2, అవీ మిగల్లేదు. ఆ రోజుల ప్రోటోటైప్‌లలో ఒకటైనా చూడాలని ఉంటే లేత నీలం రంగు మొదటి డెల్టిక్ ఉంది, దాన్ని నేషనల్ రైల్వే మ్యూజియం వాళ్లు భద్రంగా ఉంచారు.