నార్త్ కరోలినా పల్లె కౌంటీ స్కూలుకి 'డి' గ్రేడ్ ఉంటే వెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇది: వరంగల్ దగ్గర ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తున్నారు. జె-1 (ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం) వీసా మీద అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఒక పల్లె కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి ఆఫర్ వచ్చింది. నెట్‌లో చూస్తే ఆ స్కూలుకి 'డి' గ్రేడ్ అని ఉంది. ఈ కౌంటీ స్కూళ్లను ఎవరు నడుపుతారు, ఎలా నడుస్తాయి, వెళ్లొచ్చా అని.

వెళ్లొచ్చండీ. ఆ 'డి' ఒక్కటే చూసి మాత్రం వెనకాడకండి. నేను ఆ రాష్ట్రంలోనే తూర్పు వైపు ఒక కౌంటీలో మిడిల్ స్కూల్ పిల్లలకి లెక్కలు చెప్పి, వీసా గడువు అయ్యాక తిరిగొచ్చినదాన్ని. ఏ కౌంటీయో చెప్పను. అది అందరికీ అందరూ తెలిసిన చోటు.

ముందు ఎవరు నడుపుతారో చూద్దాం. మన దగ్గర టీచర్ ఉద్యోగమంటే డీఎస్సీ, డీఈవో, బదిలీల కౌన్సెలింగ్. అక్కడ ఇవేవీ ఉండవు. రాష్ట్రంలో 100 కౌంటీలు, 115 స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే స్కూళ్లు నడపడానికి గీసుకున్న ప్రాంతాలు. ఎక్కువ చోట్ల కౌంటీ అంతా కలిపి ఒకే డిస్ట్రిక్ట్. హాలిఫాక్స్ లాంటి చిన్న కౌంటీలో మాత్రం ఇప్పటికీ మూడు డిస్ట్రిక్టులున్నాయి. నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ వేరు చేసిన కాలం నాటి గీతలవి. వాటి మీద వేసిన కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2018లో వీగిపోయింది. అలా కాకుండా రాబ్సన్ కౌంటీలో ఐదు డిస్ట్రిక్టుల్ని 1989లో ఒక్కటి చేశారు.

డిస్ట్రిక్ట్ పైన స్కూల్ బోర్డు ఉంటుంది. జనం ఓటేసి గెలిపించిన మామూలు మనుషులే అందులో ఉంటారు: రిటైరైన టీచరు, పాస్టరు, ఇన్సూరెన్స్ ఏజెంటు. వాళ్లు సూపరింటెండెంట్‌ని కాంట్రాక్టు మీద పెట్టుకుంటారు. రోజువారీ పెత్తనమంతా ఆయనది. మిమ్మల్ని తీసుకునేది, మీ క్లాసుకొచ్చి చూసేది, వచ్చే ఏడాది ఉంచుకోవాలో వద్దో చెప్పేది ప్రిన్సిపల్. కాబట్టి మీ బతుకు ప్రిన్సిపల్ చేతిలో, ప్రిన్సిపల్ బతుకు సూపరింటెండెంట్ చేతిలో. టీచర్ల సంఘాలున్నా, జీతాల మీద బేరమాడి ఒప్పందం రాసుకునే హక్కు ఆ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగులకి లేదు. 1959 నుంచి చట్టమే అది.

అసలు కథ డబ్బుది. బోర్డుకి పన్ను వేసే అధికారం లేదు. 1930ల మాంద్యంలో కౌంటీలు చేతులెత్తేస్తే స్కూళ్లు నడిపే ఖర్చు రాష్ట్రం నెత్తినేసుకుంది, భవనాల భారం కౌంటీలకి వదిలింది. స్థూలంగా ఇప్పటికీ అదే పద్ధతి. పిల్లల సంఖ్యను బట్టి రాష్ట్రం టీచర్ పోస్టులిస్తుంది, వాటి జీతమూ తనే ఇస్తుంది. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లను తీసుకున్నా, నిన్న కాలేజీ నుంచి వచ్చినవాళ్లను తీసుకున్నా డిస్ట్రిక్టుకి ఖర్చు తేడా రాదు. మంచి ఏర్పాటే. 2024-25 స్కేలులో కొత్త టీచర్‌కి ఏడాదికి 41,000 డాలర్లు, పాతికేళ్లు దాటినవాళ్లకి 55,950. అది పది నెలల జీతం, వేసవిలో చేతికేమీ రాదు కాబట్టి ముందే దాచుకోవాలి. ఇంకోటి, ఎమ్మెస్సీ ఉందని ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మాస్టర్స్‌కి ఇచ్చే అదనపు జీతాన్ని 2013లో చాలామందికి ఎత్తేశారు.

తేడా వచ్చేది సప్లిమెంట్ దగ్గర. స్కేలు మీద కౌంటీ తన జేబులోంచి కలిపేదాన్ని అలా అంటారు. రాలీ నగరం ఉన్న వేక్ కౌంటీలో అది ఏడాదికి కొన్ని వేల డాలర్లు. పొగాకు, పందుల ఫారాలు తప్ప వేరే ఆదాయం లేని కౌంటీలో పేరుకి ఏదో కలుపుతారు. గంట దూరం డ్రైవ్ చేస్తే అదే పనికి అంత ఎక్కువ జీతమొస్తుంటే లోకల్ టీచర్ ఎందుకు ఉంటుంది? ఖాళీలు అలా ఏర్పడతాయి, మనలాంటివాళ్లకి పిలుపు అలా వస్తుంది. ఈ మాట మీకు రిక్రూట్‌మెంట్ వాళ్లు చెప్పరు. ఎవరూ రాని పోస్టులోకి మిమ్మల్ని రమ్మంటున్నారు. అందులో చిన్నతనమేమీ లేదు, తెలుసుకుని వెళ్లడం మంచిది.

ఈ అన్యాయం మీద 1994లో హోక్, హాలిఫాక్స్, రాబ్సన్, వాన్స్, కంబర్లాండ్ కౌంటీల వాళ్లు రాష్ట్రం మీద కేసు వేశారు. లియాండ్రో కేసు అంటారు. ప్రతి పిల్లవాడికీ సరైన కనీస విద్య పొందే హక్కు రాష్ట్ర రాజ్యాంగమే ఇచ్చిందని 1997లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. హక్కు తేలింది గానీ డబ్బు తేలలేదు. 2022లో కోర్టు నిధులు విడుదల చేయమంది. ఎన్నికల్లో జడ్జిలు మారాక ఆ ఉత్తర్వు ఆగి, 2024లో మళ్లీ వాదనలు జరిగాయి. మన కోర్టుల్లో భూమి తగాదాలు చూసినవాళ్లకి ఇదేమీ వింత కాదు.

బోర్డు మీటింగులు నెలకోసారి, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. నేను అప్పుడప్పుడూ వెళ్లేదాన్ని. ఒక రోజు పిల్లలు బాగా తగ్గిపోయిన ఒక ఎలిమెంటరీ స్కూల్ని మూసి, పక్క ఊరి స్కూల్లో కలపాలన్న ప్రతిపాదన వచ్చింది. జనం మాట్లాడేందుకు మనిషికి మూడు నిమిషాలు. టేబుల్ మీద ఎర్ర అంకెల గడియారం. పెద్దాయన ఒకాయన టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఆ స్కూలు జిమ్ నేల తన తండ్రి వేసిందన్నాడు. తర్వాత ఒకావిడ లేచి, తన మనవరాలు ఇప్పటికే బస్సులో గంట కూర్చుంటోంది, ఇంకెంతసేపు కూర్చోవాలని అడిగింది. సూపరింటెండెంట్ దగ్గర ఉన్నవి ఏసీ మరమ్మతుల లెక్కలు, పైకప్పు లెక్కలు. ఇద్దరి మాటా నిజమే. చివరికి నిర్ణయం వాయిదా వేశారు. కౌంటీ ఖజానా చేతిలో ఉన్న కౌంటీ కమిషనర్ల దగ్గర బోర్డు డబ్బు అడగడం, వాళ్లు లేదనడం కూడా ఏటా వసంతంలో జరిగే తంతే. జులై 1కి కొత్త బడ్జెట్ మొదలవ్వాలి కదా. లాటరీ ఆదాయం నుంచి పేద కౌంటీలకి స్కూలు కట్టుకోవడానికి గ్రాంట్లిచ్చే నిధి 2017లో పెట్టాక కొన్ని చోట్ల కొత్త భవనాలు లేచాయి.

ఇక ఆ గ్రేడ్ సంగతి. ప్రతి స్కూలుకీ ఎ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం ఇస్తారు. అందులో 80 శాతం పరీక్షల ఫలితాలు, హైస్కూల్ గ్రాడ్యుయేషన్ రేటు లాంటివి, 20 శాతం గ్రోత్, అంటే ఏడాదిలో పిల్లల ఎదుగుదల. 85, ఆపైన వస్తే ఎ, 40 నుంచి 54 దాకా డి. మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా ఏడాది చివర రీడింగ్, లెక్కల పరీక్షలుంటాయి. పిల్లలు మీ క్లాసుకి వచ్చేసరికే ఎంత వెనకబడి ఉన్నారన్నది ఆ 80 శాతంలో చేరిపోతుంది. అందుకే గ్రేడుల పట్టికనీ పేదరికం పట్టికనీ పక్కపక్కన పెడితే దాదాపు ఒకటే కనిపిస్తుంది. నా ఏడో తరగతి క్లాసులో ఒకబ్బాయి ట్రాక్టర్ స్ప్రేయర్‌లో మందు ఎంత, నీళ్లు ఎంత కలపాలో నోటికి చెప్పేసేవాడు. అదే నిష్పత్తి లెక్క పేపర్ మీద పెడితే పెన్సిల్ కింద పెట్టేసేవాడు. ఆరో తరగతి లెక్కలు వాడికి రోజుకో సబ్‌స్టిట్యూట్ (తాత్కాలిక టీచర్) చెప్పారట. అంటే ఎవరూ చెప్పలేదు.

అందుకని మీరు చూడాల్సింది గ్రోత్. ఈవాస్ అనే గణాంక పద్ధతిలో, పిల్లలు ఏడాదిలో ఉండాల్సినంత ముందుకెళ్లారా లేదా అని లెక్కగడతారు. అంచనాకి మించింది, అందుకుంది, అందుకోలేదు అని మూడు మాటల్లో వస్తుంది. 'డి' ఉండి గ్రోత్ మించిన స్కూలంటే లోపల ఎవరో గట్టిగా పని చేస్తున్నట్టు. 'డి' ఉండి గ్రోత్ అంచనాని మించకపోతే లో-పెర్ఫార్మింగ్ ముద్ర పడుతుంది. తల్లిదండ్రులకి ఉత్తరాలు, అభివృద్ధి ప్రణాళికలు, పైనుంచి తనిఖీలు, మీకు కాగితాల పని. రాష్ట్రం ఇలాంటి స్కూళ్లను తనే నడుపుతానని ఒక ప్రత్యేక డిస్ట్రిక్ట్ కూడా పెట్టింది. 2018లో రాబ్సన్ కౌంటీలో ఒకే ఒక్క స్కూల్ని తీసుకోగలిగింది, తర్వాత ఆ పథకమే ఎత్తేశారు. పైనుంచి దిగి బాగు చేయడం అంత సులువు కాదని వాళ్లకీ అర్థమైనట్టుంది.

బాగున్నవి కూడా చాలా ఉన్నాయి. పేద డిస్ట్రిక్టుల్లో ఫెడరల్ పథకం కింద పిల్లలందరికీ పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ ఉచితం, ఎవరు పేదో అడిగే పని లేదు. చాలా పల్లె కౌంటీల్లో ఎర్లీ కాలేజ్ హైస్కూళ్లున్నాయి. ఇవి కమ్యూనిటీ కాలేజీతో కలిసి నడుస్తాయి. నాలుగైదేళ్లలో పిల్లలు హైస్కూల్ డిప్లొమాతో పాటు రెండేళ్ల డిగ్రీ కూడా పైసా ఖర్చు లేకుండా పట్టుకుపోతారు. ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని పిల్లలకి అదెంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. వ్యవసాయం, వెల్డింగ్ క్లాసులు చూస్తే మన వొకేషనల్ కోర్సుల్ని ఎందుకలా వదిలేశామా అనిపించింది. అన్నట్టు, 1988 దాకా ఆ రాష్ట్రంలో స్కూలు బస్సుల్ని హైస్కూల్ పిల్లలే నడిపేవారు! ఇప్పుడు డ్రైవర్లు దొరక్క చాలా చోట్ల టీచర్ అసిస్టెంట్లే పొద్దున బస్సు తోలి, తర్వాత క్లాసుకి వస్తుంటారు.

క్లాసులో క్రమశిక్షణ మొదటి రెండు నెలలు ఏడిపిస్తుంది. "యెస్ మామ్" అని మర్యాదగానే అంటారు, చెప్పింది మాత్రం చేయరు. మనకిక్కడ అలవాటైన గట్టి గొంతు అక్కడ పనికిరాదు. ఇంటికి ఫోన్ చేసి, తప్పు చెప్పడానికి ముందే పిల్లాడి గురించి ఒక మంచి మాట చెప్పి పెట్టుకోండి. నాకు పనిచేసింది అదే.

కారు లేకపోతే కదల్లేరు. డ్రైవింగ్ ఇక్కడే బాగా నేర్చుకుని వెళ్లండి. కందిపప్పు, గోంగూర కావాలంటే మోరిస్‌విల్, కేరీ వైపు వెళ్లాలి, అక్కడంతా మనవాళ్లే. హరికేన్ల కాలంలో స్కూలుకి సెలవులొస్తాయి, హైస్కూలు షెల్టరుగా మారుతుంది. 2016లో మాథ్యూ, 2018లో ఫ్లోరెన్స్ వచ్చినప్పుడు ఆ తూర్పు కౌంటీలు ఘోరంగా మునిగాయి. కాబట్టి అద్దె ఇల్లు చూసేటప్పుడు నీళ్లొచ్చే పల్లమా అని అడగండి. వీసా మూడేళ్లు, డిస్ట్రిక్టూ, వీసాకి స్పాన్సర్‌గా ఉన్న సంస్థా ఒప్పుకుంటే ఇంకో రెండేళ్ల దాకా పొడిగింపు. మళ్లీ టీచర్ జె-1 మీద వెళ్లాలంటే మధ్యలో రెండేళ్లు అమెరికా బయట ఉండాలి.

సంతకం పెట్టే ముందు రాష్ట్ర స్కూల్ రిపోర్ట్ కార్డ్ సైట్‌లో ఆ స్కూలు గ్రోత్ చూడండి, మూడేళ్లది కలిపి. రెండేళ్లకోసారి టీచర్లతో చేసే వర్కింగ్ కండిషన్స్ సర్వే ఫలితాలు స్కూలు వారీగా ఉంటాయి, అవీ చూడండి. ప్రిన్సిపల్ మీద టీచర్లకి నమ్మకముందా లేదా అన్నది అందులో దొరుకుతుంది. ఇంటర్వ్యూలో ప్రిన్సిపల్‌ని మొహమాటపడకుండా ఈ మాటలు అడగండి: ఈ స్కూలుకి వచ్చి ఎన్నాళ్లయింది, ఈ పోస్టులో నిరుడు ఎవరున్నారు, ఎందుకు వెళ్లారు, లెక్కల టీచర్లు ఇంకెంతమంది ఉన్నారు. సప్లిమెంట్ ఎంతో, మన దేశంలో చేసిన సర్వీసులో ఎన్నేళ్లు లెక్కలోకి వస్తాయో మెయిల్లో రాసి తెప్పించుకోండి. నిరుడు ఆ పోస్టులో ఎవరూ లేరు, సబ్‌స్టిట్యూట్లతో నెట్టుకొచ్చామని ప్రిన్సిపల్ దాచకుండా చెప్తే నేనైతే అక్కడికే వెళ్తాను. అంతా బ్రహ్మాండం అని చెప్పిన చోట ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతాను.