నైఫైలో అన్నీ పచ్చగానే ఉన్నాయి, డేటా మాత్రం కదలట్లేదు. ర్యామ్ పెంచాలా?

అపాచీ నైఫైలో (డేటాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేసే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్లన్నీ, అంటే స్క్రీన్ మీద ఒక్కో పని చేసే బాక్సులన్నీ, రన్ అవుతున్నట్టే ఉన్నాయి, ఎర్రర్ ఒక్కటీ లేదు, డేటా మాత్రం డేటాబేస్‌కి చేరట్లేదు, ర్యామ్ పెంచాలా, త్రెడ్లు పెంచాలా, లేక నైఫై కొత్త వెర్షన్ 2.0కి మారిపోవాలా అని అడిగారు. ర్యామ్ వద్దు, త్రెడ్లూ వద్దు. మీ ఫెయిల్యూర్ గీత, అంటే ప్రాసెసర్ చేయలేకపోయిన డేటాను పక్కకు పంపే గీత, ఎక్కడికి పోతోందో ముందు చూడండి. జబ్బు అక్కడే ఉంటుంది. మీ స్క్రీన్ చూడకుండానే చెప్పగలను.

నేను విజయవాడలో ఉంటాను, చుట్టుపక్కల వ్యాపారాలకు ఇలాంటి పనులు చేసిపెడుతుంటాను. మిర్చి సీజన్ మంచి ఊపు మీదున్నప్పుడు గుంటూరు నుంచి ఒక కోల్డ్ స్టోరేజీ గుమస్తాగారు ఫోన్ చేశారు. “బాబూ, రైతు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కాటా చీటీ ఆయన చేతిలో ఉంది, కంప్యూటర్లో చూస్తే సరుకే లేదు. లోనుకి కాయితం ఎట్లా ఇచ్చేది?” సరుకు తాకట్టు మీద రైతు అప్పు తెచ్చుకోవాలంటే ఆ ఎంట్రీ ఉండాలి. మన దగ్గర డేటా ఆగితే అక్కడ మనిషి పని ఆగిపోతుంది.

వాళ్లవి నాలుగైదు కోల్డ్ స్టోరేజీలు. ఒక్కోచోట కాటా దగ్గరి కంప్యూటర్ నుంచి సీఎస్‌వీ ఫైళ్లు (కామాలతో విడదీసి రాసిన లెక్కలు) ఒక సర్వర్‌కి వస్తాయి. నైఫై వాటిని తెచ్చుకుని, ఒక్కో వరుసనూ విడగొట్టి డేటాబేస్‌లో వేస్తుంది. ఇదంతా ఎవరో పెట్టేసి వెళ్లిపోయారు. నేను వెళ్లేసరికి ఆ పెట్టినతను ఫోన్‌లో ఓనరుగారికి సలహా చెప్తున్నాడు: “ఎంప్టీ క్యూ కొట్టేయండి సార్, నడుస్తుంది.” అంటే గీత మీద ఆగి ఉన్న డేటాను మొత్తం చెరిపేయమని. ఓనరుగారు మౌస్ పట్టుకుని రెడీగా ఉన్నారు. “పాత లెక్కలు పోతే పోనీ, ఇవాళ్టి బళ్లు ఎక్కాలయ్యా” అంటున్నారు. అయ్యా ఆగండి ఆగండి అని మౌస్ లాక్కున్నంత పని చేశాను. ఫైలు తెచ్చుకోగానే అసలు కాపీని చెరిపేసేలా సెట్ చేసి ఉంది మరి. ఆ క్యూలో ఉన్నవి తప్ప ఆ తూకాలు కంప్యూటర్లో ఇంకెక్కడా లేవు.

జరిగింది ఇదీ. నైఫైలో రెండు ప్రాసెసర్లను కలిపే ప్రతి గీతకూ ఒక హద్దు ఉంటుంది. మనం మార్చకపోతే 10,000 ఫ్లోఫైళ్లు (నైఫైలో కదిలే ఒక్కో డేటా ముక్క ఒక ఫ్లోఫైల్), లేదా 1 జీబీ. దాన్ని బ్యాక్ ప్రెషర్ అంటారు. చాలామందికి తెలియనిది ఏంటంటే, ఒక ప్రాసెసర్ నుంచి బయటికి వెళ్లే గీతల్లో ఏ ఒక్కటి నిండినా ఆ ప్రాసెసర్ మొత్తంగా ఆగిపోతుంది. ఫెయిల్యూర్ గీత నిండితే మంచి డేటా కూడా కదలదు. గుర్తు మాత్రం పచ్చగానే ఉంటుంది. ఎర్రర్ బులెటిన్లు, అంటే స్క్రీన్ మీద వచ్చే హెచ్చరికలు, ఐదు నిమిషాలకు మాయమవుతాయి, ప్రాసెసర్ నడవట్లేదు కాబట్టి కొత్తవి రావు. దాని వెనక క్యూ నిండుతుంది, దాని వెనకది నిండుతుంది, అలా పైదాకా పోతుంది. మీకు కనిపిస్తున్నదీ ఇదే.

వాళ్లు ఫెయిల్యూర్‌ని ఒక ఫన్నెల్‌కి (గీతలను కలిపే గరాటు, తనంతట తాను ఏ పనీ చేయదు) తగిలించి, తర్వాత చూద్దాంలే అని వదిలేశారు. క్యూ కిందున్న చిన్న పట్టీ ఎర్రగా మెరుస్తోంది, దాన్ని పట్టించుకున్నవాళ్లే లేరు. కుడి క్లిక్ చేసి లిస్ట్ క్యూ తెరిచి, ఒక్కొక్కదాని కంటెంట్ చూస్తే విషయం తేలింది. ఒకచోట ఆపరేటర్ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి, అందంగా ఉంటుందని అంకెలకు కామాలు పెట్టి సేవ్ చేస్తున్నాడు. సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఎక్సెల్ ఆ కామాలతో సహా రాస్తుంది. కామా ఉంటే నైఫై దాన్ని అంకెగా తీసుకోదు. వెయ్యి లోపు బరువుకు కామా రాదు కాబట్టి 940 కిలోల లాట్ దాటిపోతోంది, 1,180 కిలోలది పడిపోతోంది. టిక్కీ (మిర్చి బస్తా) నలభై, నలభై అయిదు కిలోలు అనుకున్నా పాతిక టిక్కీలు దాటిన ప్రతి లాటూ ఫెయిలే. సీజన్ కాని రోజుల్లో పెద్ద లాట్లు తక్కువ, ఎవరికీ తెలియలేదు. సీజన్ రాగానే హద్దు నిండిపోయింది.

బరువును ముందు అంకెగా కాకుండా మాటలాగే చదివించి, అప్‌డేట్‌రికార్డ్ అనే ప్రాసెసర్‌తో కామా తీసేసి, ఆ తర్వాతే డేటాబేస్‌లో వేయించాను. ముందు రన్ వన్స్‌తో (ప్రాసెసర్‌ని ఒక్కసారే నడిపే ఆప్షన్) ఒక్కదాన్ని పంపి చూశాను. ఆ తర్వాత ఫెయిల్యూర్ గీత చివరను ఫన్నెల్ నుంచి లాగి కొత్త ప్రాసెసర్‌కి తగిలిస్తే పాతవన్నీ వరుసగా లోపలికి వెళ్లాయి. గుమస్తాగారు రైతుకు కాయితం ఇచ్చేశారు. నేను తుమ్ముతూ బయటపడ్డాను. ఆ కంప్యూటర్ ఫ్యాన్‌లో ఉన్న కారంతో ఒక పూటకి కూర వండొచ్చు, అది వేరే సంగతి.

హద్దును పది లక్షలకు పెంచమని మీకు ఎవరైనా చెప్తే వినకండి. క్యూలో 20,000 దాటితే నైఫై మిగతావాటిని డిస్కు మీదికి స్వాప్ చేస్తుంది, అసలు రోగం ఇంకా లోపలికి పోతుంది. ఈ సాఫ్ట్‌వేర్ అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ లోపల పుట్టి 2014లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చింది. ఆగిపోవడం కూడా దాని డిజైనే, డేటా పోకుండా ఆగుతుంది. ఫెయిల్యూర్‌ని ఫన్నెల్‌కి కట్టకండి, ఆటో టర్మినేట్ (ఫెయిలైనవాటిని అక్కడే పారేసే సెట్టింగ్) అసలే పెట్టకండి. ఒక ఫోల్డర్‌లోకి రాయించి, ఒక మెయిల్ పంపించండి. రెండు ప్రాసెసర్ల పని.

ఒక్కో వరుసనూ ఒక్కో ఫ్లోఫైల్‌గా విడగొట్టే అలవాటు కూడా మానండి. పేరులో రికార్డ్ అని ఉండే ప్రాసెసర్లు ఫైలు మొత్తాన్ని ఒకేసారి చూసుకుంటాయి. ట్రైనింగ్ సెంటర్లు మాత్రం ఇంకా ఆ విడగొట్టడమే నేర్పిస్తున్నాయి. డ్రాగ్ అండ్ డ్రాప్, కోడింగ్ అక్కర్లేదు అని బోర్డు. కోడింగ్ అక్కర్లేదు నిజమే, ప్రాసెసర్లకి పేర్లు పెట్టడం కూడా అక్కర్లేదా? ఆ స్క్రీన్ మీద ఒకే పేరుతో అరడజను బాక్సులు, ఏది ఏ స్టోరేజీదో వెతకడానికే నాకు సగం టైము పట్టింది.

ఇక 2.0 సంగతి. మారితే ఈ సమస్య పోదు, బ్యాక్ ప్రెషర్ అక్కడా ఉంది. పైగా టెంప్లేట్లు (దాచుకుని మళ్లీ వాడుకునే ఫ్లో నమూనాలు) తీసేశారు, వేరియబుల్స్ బదులు పారామీటర్లు వచ్చాయి, జావా 21 ఉండాలి. అవన్నీ ముందు పాత 1.x వెర్షన్‌లోనే సర్దుకుని, పని తక్కువున్న నెలలో మారండి. మీది కూడా మిర్చి లెక్కలే అయితే మేలో గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేదాకా ముట్టుకోకండి.